ముందే అంటించిన చీటీలు: రుద్రారం దాటాక ఒక ఆదివారం

దోమల కోసం ఎవరైనా పటాన్‌చెరు వైపు ప్రయాణం కడతారా అని మా వారు నవ్వారు. నవ్వితే నవ్వారు, నాకు మాత్రం ఆ శనివారం సాయంత్రం నుంచి కాలు ఒకచోట నిలవలేదు. కారణం శ్రావ్య. నా దగ్గర పరిశోధన చేస్తున్న చివరి విద్యార్థిని. నేను వచ్చే నెల రిటైరవుతున్నాను. ఫోన్ చేసి చాలా మామూలుగా అడిగింది: "మేడం, మీరు మొదట్లో పనిచేసిన ఆ నాలుగు ఇళ్ళలో దోమలు ఏ గదిలో దొరికేవి? గోడ మీదా, మంచం కిందా? సోమవారం పొద్దున నా ఫీల్డు ప్లాన్ ఇచ్చేయాలి, ఇళ్ళ స్కెచ్ వేస్తున్నాను." జవాబు చెబుదామని నోరు తెరిచాను. నాకు తెలియదు! ఆ నాలుగు ఇళ్ళ పేరు చెప్పుకుని ముప్పై ఏళ్ళు బతికిన మనిషిని, వాటి లోపలి గదులెలా ఉంటాయో నాకు తెలియదు.

నా పని గురించి రెండు ముక్కలు చెబితే గానీ ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. దోమలూ, ఈగలూ కుట్టి మనిషి ఒంట్లోకి ఎక్కించే పరాన్నజీవుల మీద నా పరిశోధన. కోస్తాలో బోదకాలు మీద చేశాను, బీహార్‌లో కాలా అజార్ జ్వరం మీద చేశాను. అన్నిటికంటే ముందు, ఇరవై ఏడేళ్ళ వయసులో, ఈ పక్కంతా ఇంకా మెదక్ జిల్లాగా ఉన్నప్పుడు, రుద్రారం అవతల ఒక ఊళ్ళో మలేరియా దోమల మీద చేశాను. తెల్లవారుజామున గోడల మీద నిద్రపోతున్న దోమల్ని పట్టి, కడుపు చిదిమి, అందులో ఉన్నది మనిషి రక్తమా పశువు రక్తమా అని పరీక్ష చేసేవాళ్ళం. కొట్టంలో పట్టిన దోమ కడుపులో బర్రె రక్తం ఉంటే వింత లేదు. మాకు మాత్రం మనుషులు పడుకునే గదుల్లో పట్టిన దోమల్లో కూడా దాదాపు అంతా బర్రె రక్తమే కనిపించింది! పక్కన మనిషి పడుకుని ఉండగా వదిలేసి, బయటికెళ్ళి బర్రెను కుట్టి, మళ్ళీ ఇంట్లోకొచ్చి పడుకునే దోమ. అదీ పేపర్‌గా వచ్చి నా పేరు నిలబెట్టిన సంగతి. ఇప్పుడా ఊళ్ళో బర్రెలు లేవు కదా, ఆ దోమ ఎవరిని కుడుతోంది అన్నది శ్రావ్య ప్రశ్న. చాలా మంచి ప్రశ్న. దానికి పునాది మాత్రం నా పాత అంకెలే.

ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి లింగంపల్లిలో సంగారెడ్డి బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి జీరో టికెట్. మా నాన్న గుడివాడ నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు, నేను టౌన్‌షిప్ క్వార్టర్లలోనే పుట్టి పెరిగాను. ఈ రోడ్డు నాకు కొట్టిన పిండి అనుకుంటూ దర్జాగా కూర్చున్నాను. తీరా ఏమైందంటే, పూర్వం మాదిరిగా పటాన్‌చెరులో బస్సు మారాలనుకుని దిగిపోయాను. దిగాక కండక్టర్ తల బయటపెట్టి, "మేడం, రుద్రారం గీ బస్సే పోతది" అని అరిచాడు. అప్పటికే బస్సు కదిలిపోయింది. మీరు మాత్రం దిగకండి.

పోనీలే, ఆకలేస్తోంది కదా అని ఫ్లైఓవర్ పక్కన బండి దగ్గర ఇడ్లీ తీసుకున్నాను, నలభై రూపాయల ప్లేటు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళూ ఎక్కబోయేవాళ్ళూ కలిసి నిలబడి తింటున్నారు. గాలిలో మందుల కంపెనీల ఘాటు వాసన, చిన్నప్పటి నుంచీ ఎరిగినదే. అల్లం చట్నీ లేదా అని అడిగాను. బండామె నన్ను ఎగాదిగా చూసి, "అల్లం చట్నీ మీ దిక్కు మేడం. గీడ పల్లి చట్నీనే, మస్తుంటది తినుండ్రి" అంది. అరవై ఏళ్ళుగా మా కుటుంబం ఇక్కడే ఉంది, ఇంకా 'మీ దిక్కు' ఏమిటో! అయినా చట్నీ బాగుంది, రెండోసారి వేయించుకున్నాను.

అక్కడే ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవర్ పేరు యాదగిరి. మధ్యాహ్నం దాకా ఉండి తిరిగి తీసుకురావడానికి ఎనిమిది వందలు. "ఏ కంపెనీ మేడం?" అన్నాడు. కంపెనీ కాదు, ఊరు అన్నాను. "ఊర్లె ఎవలున్నరు మీకు?" అంటే, దోమలున్నాయి అన్నాను. అద్దంలో నన్ను ఒకసారి చూసుకుని, "దోమలకు గంత దూరమెందుకు మేడం, మా ఇంటికి రాండ్రి, ఫ్రీగ ఇస్త" అన్నాడు. ఇస్నాపూర్ దాటి, రుద్రారంలో కాలేజీ పిల్లల హాస్టల్ బోర్డుల మధ్య నుంచి వెళ్తుంటే నా పాత ఫీల్డు నోటుబుక్కు తీసి దారి చెప్పడం మొదలుపెట్టాను. అందులో నేనే గీసుకున్న పటం ఉంది: ఎడమ పక్క మామిడితోట, తర్వాత కిరాణా కొట్టు, దాని పక్కన మట్టి బాట. మామిడితోట లేదు, కొట్టు లేదు, మట్టి బాట అసలే లేదు. ప్లాట్ల వెంచర్ల కమానులు ఒకదాని తర్వాత ఒకటి, అన్నీ ఒకే రంగు. ఒకే కమాను కిందుగా మూడుసార్లు వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చాం. "మేడం, జెర ఫోన్ జేసి అడుగుండ్రి, డీజిల్ అయిపోతది" అని యాదగిరి దండం పెట్టాక పంతం వదిలి నర్సింలుకి ఫోన్ చేశాను.

నర్సింలు అప్పట్లో మా ఇన్‌సెక్ట్ కలెక్టర్. పేరు గొప్పగా ఉంది కానీ పని ఇదీ: ఒక గాజు గొట్టం, దానికి రబ్బరు పైపు, మధ్యలో చిన్న వల గుడ్డ, టార్చి వేసి, గోడ మీద దోమ దగ్గర గొట్టం పెట్టి, నోటితో మెల్లిగా పీల్చాలి. గట్టిగా పీలిస్తే దోమ చితికిపోతుంది, మరీ మెల్లిగా పీలిస్తే ఎగిరిపోతుంది. ఊరివాళ్ళు 'దోమల నర్సింలు' అనేవారు. మొదట దినకూలీ, తర్వాత పర్మనెంటు అయ్యాడు, ఇప్పుడు పింఛను. మేం మూడుసార్లు దాటేసిన కమాను కిందే నిలబడి ఉన్నాడు, చేతిలో గుడ్డ సంచి. "గింత బక్కగైండ్రేంది మేడం!" అన్నాడు నన్ను చూస్తూనే. సంచిలోంచి గాజు గొట్టం తీసి చూపించాడు. అదే గొట్టం! నాకు కళ్ళు చెమర్చాయి. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఎనిమిదిన్నరకి ఊళ్ళోకి వెళ్ళాం. నాలుగు ఇళ్ళలో ఒకటి గోదాం అయిపోయింది, ఒకటి కూలగొట్టి మూడంతస్తులు లేపారు, మూడోదానికి తాళం. నర్సింలు ప్రతి దాని ముందూ ప్రహరీ బయటే నిలబడి "గిదే మేడం" అని చెయ్యి చూపిస్తున్నాడు. లోపల ఎన్ని గదులుండేవి, దోమలు ఎక్కువగా ఏ గోడ మీద ఉండేవి అని అడిగితే, "ఉంటుండె మేడం, లోపట" అంటాడు. తాళం వేసిన ఇంటి దగ్గర కిటికీలోంచి చూపించమంటే చూపించలేకపోయాడు. నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళ పాటు వారానికి రెండు రోజులు తిరిగిన గదులు ఇలా మర్చిపోతాడా ఎవడైనా? వయసు మీద పడి మతిమరుపు వచ్చిందేమో అని కూడా అనుమానం వచ్చింది. అడిగినకొద్దీ అతను తలొంచుకుంటున్నాడు, నాకేమో అంతా అయోమయంగా ఉంది.

నాలుగో ఇల్లు అలాగే నిలబడి ఉంది. ఇంటామె సుశీలమ్మ, ఎనభై దగ్గర పడిందేమో, వాకిట్లో కూర్చుని కంది పప్పు చెరుగుతోంది. భూములున్న పాత పటేళ్ళ కుటుంబం. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టింది. "చాయ్ తాగిన మేడం గద! జీపుల వస్తుంటివి. రా బిడ్డ, కూసో." పశువుల కొట్టం ఉండే చోట ఇప్పుడు వరసగా ఆరు గదులు, ఒడిశా నుంచి వచ్చిన ఫ్యాక్టరీ కుర్రాళ్ళకి కిరాయికి ఇచ్చింది. అందులో ఒకడు బిందె పట్టుకుని తిన్నగా ఇంట్లోకి వెళ్ళి నీళ్ళు పట్టుకుని వచ్చాడు, ఆమె తల కూడా ఎత్తలేదు. నేను సంతోషంగా నోటుబుక్కు తెరిచి, "అమ్మా, నర్సింలు మీ ఇంట్లో ఏ గదిలో దోమలు పట్టేవాడో చూపిస్తారా?" అని అడిగాను.

సుశీలమ్మ చేట కింద పెట్టి నవ్వింది. "వాడు లోపట్కి ఎట్ల వస్తడు బిడ్డ? మా అత్త ఉండంగ గడప తొక్కనిస్తదా? కొట్టంల పట్టుకపోయేటోడు. పాపం, ఆ పేడల గంటలు గంటలు నిలవడి పడుతుండె." దాపరికం ఏమీ లేదు ఆ గొంతులో. వానాకాలం వానలు పడతాయని చెప్పినట్టే చెప్పింది. నేను వెనక్కి తిరిగి చూశాను. నర్సింలు గేటు అవతలే నిలబడి ఉన్నాడు. అతనిది ఊరి చివర ఎస్సీ కాలనీ. ఆ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

గేటు బయటికి వచ్చి, అతన్ని ఆటో చాటున నిలబెట్టి అడిగాను. "నర్సింలూ, నిజం చెప్పు. ఒక్క రోజైనా లోపలికి వెళ్ళావా?"

"లే మేడం."

"నాలుగిళ్ళలో ఒక్కదానిలో కూడానా?"

"ఎవలు రానిస్తరు మేడం నన్ను? పొద్దుగాల ఆరింటికి, పడుకునే అర్రలకు?"

"మరి సీసాల మీద 'ఇల్లు, లోపలి గది' అని ఉండేది కదయ్యా!"

"ఆ చీటీలు మీరే అంటిచ్చి ఇస్తుంటిరి గద మేడం. పెట్టెల ఇరవై సీసలు. పది సీసలకు ఇల్లు అని, పది సీసలకు కొట్టం అని. సీస ఖాళీగ తెస్తె మీకు కోపమొస్తుండె. నింపి తెస్తె శాబాష్ నర్సింలు అంటుంటిరి. ఇగ అన్నీ కొట్టంలనే పట్టి నింపిన."

అంటే, బర్రెల మధ్య పట్టిన దోమల కడుపులో బర్రె రక్తం ఉంది. అంతే. ఎంత గొప్ప ఆవిష్కారం! నా దోమ ఏ మనిషినీ వదిలేసి ఎక్కడికీ పోలేదు. నాకు కోపం నషాళానికి అంటింది. ముప్పై ఏళ్ళు, నర్సింలూ! ఒక్క మాట, ఒకే ఒక్క మాట నా చెవిన వేస్తే నీ సొమ్మేం పోయేది అని గట్టిగానే అరిచాను. యాదగిరి ఫోన్ చూడటం ఆపి మావైపు చూశాడు.

"చెప్పిన మేడం," అన్నాడు నర్సింలు. "మొదటి వారమే చెప్పిన. లోపట కష్టమైతుంది మేడం అన్న. మీరు రాసుకున్నరు గూడ."

రాసుకోవడమేమిటి, నా మొహం అనుకుంటూ చేతిలో ఉన్న నోటుబుక్కు మొదటి పేజీలు తిప్పాను. ఉంది. నా నీలి సిరాలో, నా వంకర అక్షరాలతో: 'నర్సింలుకి లోపల కష్టంగా ఉందట. ఇంకా పెందలాడే పంపాలి.'

ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో గుర్తులేదు. అప్పుడు నేనేం అర్థం చేసుకున్నాను? దోమలు ఎగిరిపోతున్నాయనా? వెలుతురు సరిపోవడం లేదనా? నాకు తెలియలేదు అని ఇక్కడ రాసేస్తే సరిపోతుంది, మీరు కూడా నమ్ముతారు. కానీ ఆ రోజుల్లో నేను ఆ ఇంటి ముందు గదిలో కూర్చుని చాయ్ తాగేదాన్ని. నాకు కప్పూ సాసరూ. నర్సింలుకి ప్రహరీ గోడ మీద బోర్లించి ఉంచిన ఒక స్టీలు గ్లాసు, తాగాక అతనే కడిగి మళ్ళీ బోర్లించేవాడు. చూశాను. చాలాసార్లు చూశాను, బాధపడ్డాను కూడా. అది కులం సంగతి అనుకున్నాను, దోమల సంగతి అనుకోలేదు.

"మేడం, గిది పైకి తెలిస్తె నా పింఛను బందు జేస్తరా?" అని నర్సింలు మెల్లిగా అడిగాడు. ఛ, నీ తప్పేముంది ఇందులో అన్నాను. అనేశాక, మరి ఎవరిది అని నాలో నేనే తడబడ్డాను. ఇంతలో శ్రావ్య ఫోన్. "మేడం, గదుల సంగతి తెలిసిందా? స్కెచ్ ఒక్కటే మిగిలింది." గంటలో చెబుతానని పెట్టేశాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో చెప్పకుండా ఊరుకుందామనే అనిపించింది. వచ్చే నెల రిటైరవుతున్నాను. గోదాం అయిపోయిన ఇంటికీ, కూలిపోయిన ఇంటికీ ఏదో ఒక గది గీసిచ్చినా ఎవరు వచ్చి చూస్తారు? చెబితే ఆ పిల్ల రెండేళ్ళ కష్టం ఏమవుతుంది? చెప్పకపోతే లేని దోమ మీద తన పని ఇంకో ముప్పై ఏళ్ళు కడుతుంది. ఎటూ తేలలేదు.

సుశీలమ్మ గుమ్మంలోంచి కేకేసింది. "ఏంది బిడ్డ ఎండల నిలవడ్డవ్? చాయ్ అయింది, లోపట్కి రా."

"నర్సింలు కూడా వస్తాడమ్మా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది. "మీరు పడుకునే గదిలో దోమలు చూడాలి."

ఆమె ఒకసారి వీధి అటూ ఇటూ చూసింది. తర్వాత, "రానీ. ఇప్పుడు అనేటోళ్ళు ఎవలున్నరు? మా అత్త వాయె, మా ఆయన వాయె," అంది. నర్సింలు మాత్రం కదల్లేదు. "వద్దు మేడం, ఈడ్నే ఉంట" అన్నాడు. "గంతసేపు బతిలాడిచ్చుకుంటవేంది రా, రమ్మంటున్న గద!" అని ఆమె గదమాయించింది. ఆ 'రా' నాకు చివుక్కుమంది, ఇద్దరూ ఇంచుమించు ఒకే వయసువాళ్ళు. అతనికి మాత్రం అది వినిపించనట్టే ఉంది. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. వాకిట్లో నల్లా తిప్పి కాళ్ళు కడుక్కున్నాడు. టార్చి, గొట్టం పట్టుకుని గడప దాటాడు. వెనకే నేను. ముందు గది దాటి ఆ ఇంటి లోపలికి వెళ్ళడం నాకూ అదే మొదటిసారి.

చిన్న చీకటి గది. పాత మంచం, ఇనప బీరువా, గోడకి తాడు కట్టి ఆరేసిన చీరలు. మంచం కింద వాడిపడేసిన దోమల కాయిల్ బూడిద. నర్సింలు గదిలోకి రాగానే మారిపోయాడు, మనిషిలో తడబాటు పోయింది. బీరువా వెనక టార్చి వేశాడు, చీరల మడతలు మెల్లిగా తొలగించాడు, ఫోటో పటం వెనక చూశాడు. రెండు దోమలు ఎగిరిపోయాయి. "ఊపిరి చాలుత లేదు మేడం ఇప్పుడు," అని నవ్వాడు. మూడోసారి దొరికింది. గోడకి ఏటవాలుగా తోక పైకెత్తి కూర్చున్న దోమ, మలేరియా దోమ కూర్చునే తీరే అది, కడుపు ఎర్రగా నిండి ఉంది. గొట్టాన్ని వెలుతురులో పట్టుకుని ముగ్గురం చూశాం. "గది నా రక్తమేనా?" అని సుశీలమ్మ నోరు నొక్కుకుంది. తెలీదమ్మా, పరీక్ష చెయ్యాలి అన్నాను. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మాట నిజంగానే తెలియక అన్నాను.

నర్సింలు సంచిలో ఖాళీ సీసా ఉంది, చీటీ లేని సీసా. నోటుబుక్కులోంచి కాగితం ముక్క చింపి, పెన్ను నర్సింలు చేతికిచ్చాను. "ఏం రాయాలె మేడం?" అన్నాడు. ఎక్కడ పట్టావో అదే రాయి అన్నాను. మంచం పట్టె మీద కాగితం పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చాలాసేపు రాశాడు: 'సుశీలమ్మ ఇల్లు. లోపటి అర్ర. నర్సింలు పట్టిండు.'

తర్వాత ముందు గదిలో ముగ్గురం చాయ్ తాగాం. మూడూ కప్పులే. యాదగిరిని కూడా పిలిస్తే, చక్కెర తక్కువ చాయ్ కావాలని ఆటోలోంచే కేకేశాడు. పదకొండున్నరకి బయల్దేరి, కమాను దగ్గర నర్సింలుని దింపి, అక్కడి నుంచే శ్రావ్యకి ఫోన్ చేశాను. "నా పాత అంకెల్లో 'ఇల్లు' అని ఉన్నవన్నీ 'కొట్టం' కింద రాసుకో. ఇళ్ళ లోపల మేమెప్పుడూ పట్టలేదు. మొదటిది ఇవాళ పట్టాం, తెస్తున్నాను." "మరి మీ పేపర్ మేడం?" అంది. తప్పని రాసి పంపిస్తానమ్మా అన్నాను. ఆ రాసేదానిలో 'చీటీలు నావి' అన్న మాట ఎక్కడ పెట్టాలో మాత్రం ఈ రోజుకీ తేల్చుకోలేకపోతున్నాను.

నేను బీహార్ వెళ్ళాను, కోస్తా ఊళ్ళన్నీ తిరిగాను, ప్రతిచోటా ఎవరో ఒకరు నాకోసం దోమలూ ఈగలూ పట్టి తెచ్చారు. వాళ్ళలో ఎవరు ఏ గడప దగ్గర ఆగిపోయారో ఇప్పుడెలా తెలుసుకోవాలి? నోటుబుక్కులన్నీ అటక మీంచి దించాను. 'కష్టంగా ఉందట' అన్న మాట కోసం వెతుకుతున్నాను, ఇప్పటికి మరో రెండుచోట్ల కనిపించింది. నర్సింలు పట్టిన దోమ పరీక్ష ఇంకా కాలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ రమ్మని సుశీలమ్మ కబురు పెట్టింది, రక్తం ఎవరిదో చెప్పమని ఆమెకి ఒకటే ఆరాటం.

ఇలాంటి పని మీద అటు వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. లింగంపల్లి నుంచి సంగారెడ్డి బస్సులో నేరుగా రుద్రారంలో దిగండి, ఏడుకల్లా చేరండి, సీసాలు ఎన్నైనా తీసుకెళ్ళండి. చీటీలు మాత్రం ఇంటి దగ్గర అంటించుకుని వెళ్ళకండి. పట్టినవాళ్ళ చేతికి పెన్నిచ్చి అక్కడే రాయించండి.